సింహాచలం అన్నయ్యగారి సింగిల్ లైను

సింహాచలం అన్నయ్యగారు తన ఇంటి వరండాలో కూర్చున్నా స్టేషన్‌లో కూర్చున్నట్టే ఉంటారు. వీధిలో బండి ఏదైనా వస్తే తలెత్తి చూస్తారు. అది మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా చూస్తారు. అప్పుడుగాని పేపరు మీదకు కళ్ళు దించరు. పాలవాడి సైకిలైనా సరే, కూరగాయల తోపుడుబండైనా సరే, దాని వెనక చక్రం కూడా దాటిందని తన కళ్ళతో చూస్తే తప్ప అది వెళ్ళినట్టు ఆయన ఒప్పుకోరు.

ఆయన ఉద్యోగమంతా మా ఊరి అవతల కోటా దాటాక అడవిలో ఉండే చిన్న స్టేషన్లలో గడిచింది. స్టేషన్ మాస్టరు. అప్పట్లో అది సింగిల్ లైను. ఎదురెదురుగా రెండు బళ్ళు రాకుండా టోకెన్ ఉండేది. ఇనుప గుండు ఒకటి తోలుసంచిలో పెట్టి, ఆ సంచిని పెద్ద గుండ్రటి బెత్తపు చట్రానికి కట్టి డ్రైవరుకి ఇచ్చేవారు. ఆ గుండు ఎవరి దగ్గర ఉంటే ముందు స్టేషన్ దాకా లైను వాళ్ళది. అది లేకుండా బండి అంగుళం కదలకూడదు.

మా ఆయన గూడ్సు డ్రైవరు. కదిలే ఇంజను మీంచి వంగి, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ అన్నయ్యగారి దగ్గర ఆ చట్రాన్ని మోచేత్తో అందుకునేవారు. ఇంటికి వచ్చాక కమిలిన చేతికి నేను ఆవనూనె రాసేదాన్ని. "ఈ సింహాచలం టోకెన్ ఇవ్వడే, కన్యాదానం చేస్తాడు. కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ" అనేవారు మా ఆయన. ఆయన పోయాక ఇది రెండో వానాకాలం. ఆ నూనె సీసా ఇంకా గూట్లోనే ఉంది.

రిటైరయ్యాక రైల్వే క్వార్టర్లు ఖాళీ చేసి మా రెండు కుటుంబాలూ ఈ హిందీ ఊళ్ళోనే రాజ్‌కిశోర్ నగర్‌లో పక్కపక్కనే ఇళ్ళు కట్టుకున్నాం. మధ్యలో నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగా నాకూ, అన్నయ్యగారి భార్య చిన్నతల్లి వదినకూ గిన్నెలు, కబుర్లు నడుస్తాయి. కబుర్లు ఎక్కువగా అటునుంచి ఇటే నడుస్తాయి. నాకు వినడం అలవాటు.

చిన్నతల్లి వదిన ఆ అడవి స్టేషన్లలో ఉన్నన్నాళ్ళూ, సాయంత్రం పాసింజరు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. చదునైన నేల. ఏ బండి ఎప్పుడు వస్తుందో మొగుడు ముందే చెప్పేవాడు. అలా నడిచిన మనిషిని తెచ్చి సీపత్ రోడ్డు పక్కన పెట్టారు. అక్కడ ఏ బండి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. కరెంటు ప్లాంటు నుంచి బూడిద లారీలు, వాటిని దాటాలని చూసే కార్లు, ఆ కార్లను దాటాలని చూసే మోటారు సైకిళ్ళు. కిందటి కార్తీకంలో ఒక మోటారు సైకిలు హేండిలు వదిన చేతిసంచికి తగులుకుని ఆవిడను కింద పడేసింది. మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చెయ్యి బాగానే పనిచేసింది. గుండెల్లో బెదురు మాత్రం పోలేదు. ఆ రోజు నుంచి ఆవిడ కాలినడకన గేటు దాటలేదు.

ఇంతలో షుగరు పెరిగింది. రోజూ నడవకపోతే కుదరదని డాక్టరు గట్టిగా చెప్పాడు. వదిన డైనింగు టేబులు చుట్టూ నడవడం మొదలుపెట్టింది.

"లూపు లైన్లో ఎన్నాళ్ళు తిరుగుతావు చిన్నతల్లీ? మెయిన్ లైను ఎక్కు" అనేవారు అన్నయ్యగారు.

"మీ మెయిన్ లైను మీద లారీలున్నాయి. మీరే ఎక్కండి" అనేది ఆవిడ, ఉప్పు డబ్బా వైపు మలుపు తిరుగుతూ.

రిపోర్టు వచ్చిన ప్రతిసారీ షుగరు ఇంకాస్త ఎక్కేది. అన్నయ్యగారి మొహం ఇంకాస్త దిగేది. ఒక రోజు టేబులు దగ్గర నిలబడి, "నీకు ప్లాట్‌ఫారం వేయిస్తాను" అని మాట ఇచ్చేశారు. వదిన నవ్వి గోడ దగ్గరకు వచ్చి నాకు చెప్పింది. అన్నయ్యగారు మాత్రం నవ్వలేదు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కార్పొరేషన్ ఆఫీసుకి వెళ్ళారు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళారో ఆ ఇస్త్రీ అతన్నే అడగాలి. సీపత్ రోడ్డు అంచున, రోడ్డుకీ నాలాకీ మధ్య ఉన్న జాగాలో మనుషులు నడిచే బాట ఒకటి కావాలన్నది ఆయన కోరిక.

చివరికి స్పందన అనే జూనియర్ ఇంజనీరు స్కూటీ మీద వచ్చింది. వాళ్ళ నాన్న సీపత్ ప్లాంటులో పనిచేస్తాడట. పిల్ల తెలుగు మాట్లాడుతుంది గాని మధ్యలో హిందీ కలవకపోతే ఊపిరాడదు. అన్నయ్యగారి వరండాలో మీటింగు పెట్టారు. నేను గోడ ఇవతల బట్టలు ఆరేస్తూ విన్నాను. నాలుగు బట్టలే గాని మీటింగు అయ్యేదాకా ఆరేశాను.

"అంకుల్, రోడ్డుకీ నడిచేవాళ్ళకీ బీచ్ మే... మధ్యలో కొంచెం జాగా వదలాలి. అక్కడ మొక్కలు వేద్దాం. గన్నేరు అయితే ఆవులు భీ తినవు" అంది స్పందన.

రమణమూర్తిగారు గొంతు సవరించుకున్నారు. ఆయన రైల్వే లెక్కల ఆఫీసులో ఆఫీసరుగా రిటైరయ్యారు. ఆయన కారు పగలూ రాత్రీ సరిగ్గా ఆ జాగాలోనే ఉంటుంది. "బాట మంచిదే. కాని నా కారుకి అవతల నుంచి పోనివ్వండి."

"అవతల నాలా ఉంది సర్."

"అయితే కారు చుట్టూ తిప్పండి."

"సర్, కారు స్టార్ట్ అవుతుంది కదా?"

అది స్టార్టు అవదని వీధిలో అందరికీ తెలుసు.

తర్వాత మంగాయమ్మ అందుకుంది. లోకో షెడ్డులో ఫిట్టరు చేసిన మనిషి భార్య. ఎప్పుడూ భుజాన ఒక సంచి, నోట ఒక మాట. "ఓలమ్మా, నాకు బల్లలు కావాల. నాలుగడుగులేస్తే కూకోవాల."

"ఆంటీ, నాలుగు అడుగులకో బెంచీ వేస్తే అది పాత్ అవదు. వెయిటింగ్ హాల్ అవుతుంది."

"అదే ఎయ్యమ్మా. నడిసేవోలు నడుస్తారు, కూకునేవోలు కూకుంటారు. నీ సొమ్మేటి పోతాది?"

అన్నయ్యగారు అంతవరకూ ఓపిక పట్టారు. "సిగ్నళ్ళ సంగతి ఏటమ్మా?" అన్నారు.

"సిగ్నల్సా? అంకుల్, నడిచేది మనుషులు!"

"అందుకే అడుగుతున్నా. బళ్ళు వాటంతటవి ఎప్పుడు గుద్దుకున్నాయి? గుద్దించేదంతా మనుషులే గదా."

స్పందన తెలివైన పిల్ల. ఎవరితోనూ వాదన పెంచలేదు, ఎవరి మాటా వినలేదు. ముందు ఒక నెల ట్రయల్ అంది. సున్నంతో గీతలు గీయిస్తాను, రోడ్డు వైపు ఇసక డ్రమ్ములు పెట్టిస్తాను, మీరు నడవండి. నెలాఖరు ఆదివారం పొద్దున్నే వచ్చి చూస్తాను. జనం నడుస్తుంటే సిమెంటు బాటకీ, దాన్ని పార్కు దాకా పొడిగించడానికీ రాస్తాను. నడవకపోతే పక్క వార్డు వాళ్ళు ఇదే కావాలని అడుగుతున్నారు, వాళ్ళకి ఇచ్చేస్తాను.

రమణమూర్తిగారి కారును నలుగురు తోసి ఆయన ఇంటి పక్క ఖాళీ జాగాలో పెట్టారు. తోసేటప్పుడు స్టీరింగు దగ్గర ఆయన ఎంతో హుందాగా కూర్చున్నారు.

గీతలు పడ్డాయి. డ్రమ్ములు వచ్చాయి. అంతా బాగుంది, ఒక్క కల్వర్టు దగ్గర తప్ప. మిగతా దారంతా ఇద్దరు పక్కపక్కన నడవొచ్చు. నాలా రోడ్డు కిందుగా దూరే చోట మాత్రం పిట్టగోడకూ డ్రమ్ములకూ మధ్య ఒక్క మనిషికే చోటు. రెండు గూడ్సు డబ్బాలంత పొడవు. ఒక పక్క నాలా, ఇంకో పక్క లారీలు. ఎదురుగా ఎవరైనా వస్తే ఇద్దర్లో ఒకరు వెనక్కి పోవాలి.

మొదటి వారంలోనే కల్వర్టు నడిమధ్య రమణమూర్తిగారూ మంగాయమ్మా ఎదురుపడ్డారు.

"నేను ముందు ఎక్కాను. మీరు వెనక్కి వెళ్ళండి" అన్నారు ఆయన.

"ఎనక్కా? నాకు రివర్సు నేదు బాబూ. నన్ను సూస్తే అగుపడ్డం నేదా?"

"నేను ఆఫీసరుగా రిటైరయ్యాను."

"అయితే మీరే ఎల్లండి. ఆపీసర్లకి ఎనకదార్లు బాగా తెలుస్తాయి."

ఇద్దరూ అలాగే నిలబడ్డారు. మంగాయమ్మ సంచిలోంచి మరమరాలు తీసుకుని తినడం మొదలుపెట్టింది. ఆయన వైపు కూడా చాచింది, ఆయన తల తిప్పుకున్నారు. చివరికి పరువు చంపుకోలేక, వెనక్కి వెళ్ళలేక, డ్రమ్ముల మధ్య నుంచి రోడ్డు మీదకు దిగి చుట్టి రాబోయారు. అప్పుడే ఒక బూడిద లారీ హారన్ కొట్టింది. ఆఫీసరుగారు ఇసక డ్రమ్మును తల్లిని కరుచుకున్నట్టు కరుచుకున్నారు.

ఇదంతా చిన్నతల్లి వదిన కిటికీలోంచి చూసింది. "చూశారా? నేను సెప్పనేదా?" అని కిటికీ మూసేసింది. ఆ మధ్యాహ్నం అన్నయ్యగారు మజ్జిగ పోసుకోకుండానే కంచం ముందు నుంచి లేచారట. మాట ఇచ్చిన ప్లాట్‌ఫారం వాకిట్లోకి వచ్చింది. ఎక్కవలసిన మనిషి మాత్రం కిటికీ మూసుకుంది.

మర్నాడు ఆయన టోకెన్ తయారుచేశారు.

పాత జల్లెడ చట్రం ఒకటి, దానికి గుడ్డసంచి, సంచిలో గుండ్రటి రాయి. కల్వర్టు రెండు చివర్లా ఇనుప కొక్కేలు పాతించారు. టోకెన్ చేతిలో ఉన్నవాళ్ళే కల్వర్టు ఎక్కాలి. అవతలకు వెళ్ళాక అటు కొక్కేనికి తగిలించాలి. అటునుంచి వచ్చేవాళ్ళు అది తీసుకుని రావాలి. ఒకేవైపు వెళ్ళేవాళ్ళు ఎంతమందైనా టోకెన్ ఉన్న మనిషి వెనకాల డబ్బాల్లాగా తగులుకుని వెళ్ళొచ్చు. ఆఖరి మనిషి చేతిలో ఎర్రగుడ్డ ఉండాలి, బండి పూర్తిగా వచ్చిందని తెలియడానికి.

వేరే ఊళ్ళో అయితే జనం నవ్వి ఊరుకునేవారు. మా వీధిలో పొద్దున్నే నడిచేవాళ్ళంతా రైల్వేలో పనిచేసి రిటైరైనవాళ్ళు, వాళ్ళ ఇల్లాళ్ళు. ఎవరికీ వివరించే పని పడలేదు. రిటైరైన నాటి నుంచి వాళ్ళకు చెయ్యమని చెప్పేవాళ్ళు లేరు, చెయ్యొద్దని చెప్పేవాళ్ళు లేరు. ఇన్నాళ్ళకు ఒక రూలు దొరికింది. రమణమూర్తిగారు జన్మలో ఇంజను ఎక్కలేదు. ఆయన సైతం కొక్కేనికి ఉన్న చట్రాన్ని మోచేత్తో అందుకుని పరుగెత్తారు. మంగాయమ్మ మాత్రం దాన్ని చేతిసంచిలాగా భుజాన వేసుకునేది.

అన్నయ్యగారు కల్వర్టు ఇవతలి చివర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. వెళ్ళే ప్రతి మనిషినీ, వచ్చే ప్రతి మనిషినీ, ఎర్రగుడ్డనూ చూసేవారు. తను మాత్రం ఒక్క అడుగైనా నడిచేవారు కాదు.

ఇంట్లో మాత్రం గొడవ. ఆ సంచిలోని గుండ్రటి రాయి చిన్నతల్లి వదిన చిన్న రోటి పొత్రం.

"నా పొత్రం ఎప్పుడిస్తారు?"

"నీకు మిక్సీ ఉంది గదా."

"మిక్సీలో చేసేది పచ్చడేటండీ! అది మందు. మీ టోకెనుకి నా పొత్రమే దొరికిందా?"

"బరువు సరిపోయింది చిన్నతల్లీ. చేత్తో పట్టుకుంటే టోకెన్ పట్టుకున్నట్టే ఉంటుంది. నువ్వొకసారి వచ్చి చూడు. ఇప్పుడు సెక్షన్ సేఫ్."

"సేఫే. నేను రాను. ఊరందర్నీ నడిపిస్తన్నారు. మీరు కుర్చీ దిగరు, నేను టేబులు వదల్ను. బాగుంది మన కాపురం."

ఒక సాయంత్రం మాత్రం వదిన గేటు తీసింది. ఒక కాలు బయట పెట్టింది. రోడ్డు మీద లారీ లేపిన బూడిద చూసి ఆ కాలు వెనక్కి తీసుకుంది. నేను నా గేటు దగ్గర ఉన్నాను.

"నర్సమ్మా, ఈ కాళ్ళు నావే. నా మాట వినవు" అంది.

నా కాళ్ళ సంగతీ అంతే. మా ఆయన పోయాక పెన్షన్ బ్యాంకుకి తప్ప నేను ఎటూ వెళ్ళలేదు. ఆవిడ పక్కన కాసేపు నిలబడ్డాను.

నెలాఖరు ఆదివారం వచ్చింది.

ఆ పొద్దున మంగాయమ్మ అందరికంటే ముందే వచ్చి, టోకెన్ భుజాన వేసుకుని కల్వర్టు దాటింది. అవతలి చివర ఆవిడకు తెలిసినవాళ్ళు ఆటోలో ఎదురయ్యారు. బుధ్‌వారీ బజారులో లేత వంకాయలు దిగాయని చెప్పారు. మంగాయమ్మ ఆటో ఎక్కింది. భుజాన ఏదో బరువు ఉండటం ఆవిడకు అలవాటు కాబట్టి టోకెన్ సంగతి తట్టలేదు.

స్పందన స్కూటీ దిగేసరికి కల్వర్టుకి ఇటు ఒక గుంపు, అటు ఒక గుంపు నిలబడి ఉన్నాయి. మధ్యలో బాట కడిగిన కంచంలా ఖాళీగా ఉంది. గొడవేమిటో చూద్దామని నేను కూడా గేటు దాకా వచ్చాను.

"క్యా హువా అంకుల్? ఎవరైనా పడిపోయారా?"

"లేదమ్మా. టోకెన్ రాలేదు."

"పాత్ ఖాళీగానే ఉంది కదా?"

"ఖాళీగా కనిపిస్తోంది. ఖాళీ అని రుజువు లేదు."

వెనకాల ఉన్నవాళ్ళంతా తలలూపారు. స్పందన కల్వర్టు వైపు చూసింది. అవతల గుంపులో ఎవరో చెయ్యి ఊపారు. ఈ పిల్లా ఊపింది.

రమణమూర్తిగారు మంగాయమ్మకు ఫోను చేసి స్పీకరు పెట్టారు.

"ఏటీ? టోకెనా? అది నాకాడెందుకుంటాది బాబూ... ఒలమ్మో! భుజానే ఉంది! ఉండండి, వంకాయలు కాటా మీదున్నాయి. అయ్యాక వస్తాను."

"ఆంటీ వచ్చేదాకా అందరూ ఇలా నిలబడే ఉంటారా?" అంది స్పందన.

"ఉంటాం" అన్నారు అందరూ. గర్వంగానే అన్నారు.

స్పందన గొంతు తగ్గించింది. "అంకుల్, నా పరిస్థితి సమఝియే. ఇక్కడ ఒక్కరు కూడా నడవడం లేదు. నేను ఏం రాయను? నడవడానికి వచ్చి నిలబడ్డారని రాయనా? పక్క వార్డు వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. మీరు ఒక్క మాట చెప్పండి, వీళ్ళు నడుస్తారు."

అన్నయ్యగారు తన ఇంటి కిటికీ వైపు చూశారు. అది మూసే ఉంది. కార్పొరేషన్ చుట్టూ తిరిగింది ఎవరి కోసమో అక్కడున్న అందరికీ తెలుసు. బాట పక్క వార్డుకి పోతే ఆవిడ ఆ టేబులు చుట్టూనే తిరుగుతుంది.

"నిజమేనమ్మా, ఒక్క మాట చాలు" అన్నారు. "కాని ఉద్యోగంలో ఒక్కసారైనా టోకెన్ లేకుండా బండి వదల్లేదు. వదిలితే వీళ్ళలో ఎవరో ఒకరు ఆ లారీ కింద పడితే? నా నోరు రాదు."

అప్పుడు కిటికీ తెరుచుకుంది. ఆ ఉదయం వదిన గోంగూర ఉడికించుకుంది. మిక్సీ కాలిపోయింది. ఆ వాసన నా దాకా వచ్చింది.

"ఏవండీ! నా పొత్రం తెండి!"

అన్నయ్యగారు ఏ జవాబు చెబుదామా అని ఆలోచిస్తుండగానే రమణమూర్తిగారు ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. "అది మంగాయమ్మగారితో బుధ్‌వారీ బజారుకి వెళ్ళిందమ్మా."

గేటు దబ్బున తెరుచుకుంది. వదిన చీరకొంగు నడుముకు దోపుకుని, చేతినిండా గోంగూరతో బయటికి వచ్చేసింది. "నా పొత్రం బజార్లు తిరగడవేటి! అది నా అత్తగారిది! రానీ ఆ మంగని! ఆటో దిగుతుండగానే అడుగుతాను!" అంటూ సూటిగా కల్వర్టు మీదకు నడిచింది.

"చిన్నతల్లీ, టోకెన్!" అని అరిచారు అన్నయ్యగారు.

"మీ టోకెనే నా పొత్రం!" అని ఆవిడ సున్నం గీత దాటేసింది.

వదిన సగం దూరం పోయింది. సరిగ్గా అప్పుడు బూడిద లారీ ఒకటి హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది. డ్రమ్ములు అదిరాయి. అంతే, ఆవిడ కోపం ఎటు పోయిందో పోయింది. తను ఎక్కడ ఉందో అప్పుడు తెలిసింది. రెండు చేతులతో పిట్టగోడ పట్టుకుని కళ్ళు మూసుకుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు.

స్పందన పరుగెత్తబోయింది. రమణమూర్తిగారు చెయ్యి అడ్డం పెట్టారు. "సెక్షన్‌లో బండి ఉందమ్మా!"

"ఆంటీ హై సర్! బండి నహీ!"

అన్నయ్యగారు కుర్చీలోంచి లేచారు. సున్నం గీత దాకా వచ్చి ఆగారు. ఆయన చెప్పులు గీతకు ఇవతల ఉన్నాయి, మనిషి అవతలకు వాలి ఉన్నాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగం వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టే ఉంది. ఉన్నట్టుండి ఆయన కుడిచెయ్యి పైకెత్తి, మూడు వీధులకు వినిపించేలా అరిచారు.

"పైలట్ వర్కింగ్!"

"ఆఁ!" అన్నారు రిటైరైన వాళ్ళంతా ఒక్కసారి, మర్చిపోయిన పేరు గుర్తొచ్చినట్టు.

నాకు తర్వాత చెప్పారు. టోకెన్ పనిచెయ్యకపోతే రైల్వేలో దానికీ ఒక పద్ధతి ఉందట. ఒక మనిషినే టోకెన్‌గా నిలబెడతారట. ఆయన చేతికి ఎర్రపట్టీ కడతారు. ఆయన వెంట ఉన్న బండే కదలాలి. అన్నయ్యగారికి ఉద్యోగంలో ఎప్పుడూ ఆ అవసరం పడలేదు గనక అది చివరిదాకా తట్టలేదు.

రమణమూర్తిగారు ఆఖరి మనిషి ఎర్రగుడ్డ తీసి ఆయన చేతికి కట్టారు. అన్నయ్యగారు కల్వర్టు ఎక్కారు. ఆ నెలలో ఆయన ఆ బాట మీద అడుగు పెట్టడం అదే మొదలు.

"చిన్నతల్లీ, కళ్ళు తెరువు."

"తెరవను. లారీ ఎల్లిపోయిందా?"

"ఎల్లిపోయింది. వెనక చక్రం దాకా చూశాను."

"ఇంకోటి వస్తాదా?"

"వస్తుంది. ఆ రోడ్డు దానిది. ఈ బాట నీది."

ఆవిడ ఒక కన్ను తెరిచింది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. గోంగూర ఇద్దరికీ అంటింది.

"చెయ్యి వదలండి. అందరూ సూస్తన్నారు."

"వదలకూడదు. రూలు."

"ఏటి రూలు? ఇన్నేళ్ళలో ఒక్క రోజు చెయ్యి పట్టుకుని నడిచారా?"

"ఇన్నేళ్ళూ చేతిలో టోకెన్ ఉంది."

వదిన మొహం అటు ఉంది, నవ్విందో ఏడిచిందో తెలియలేదు. కాని కదిలింది. ఇంకో లారీ వచ్చింది. ఆవిడ ఆగింది. ఆయన ఆగారు. అది పోయాక వెనక చక్రం ఇద్దరూ చూశారు. మళ్ళీ నడిచారు. అవతలి గుంపు చప్పట్లు కొట్టింది.

అక్కడితో అయిపోలేదు. పైలట్ లేకుండా ఎవరూ కదలరు కదా. అవతలి వాళ్ళు ఇవతలికి రావాలి, ఇవతలి వాళ్ళు అవతలికి వెళ్ళాలి. రమణమూర్తిగారికి వెనకాల డబ్బాగా రావడం నచ్చలేదు. తనకు స్పెషల్ కావాలన్నారు. అన్నయ్యగారు అటూ ఇటూ, అటూ ఇటూ నడిచారు. వదిన చెయ్యి వదలమని మళ్ళీ అడగలేదు గాని ఆయన చెయ్యీ వదల్లేదు. నాలుగోసారికి ఆయన వగర్చారు. "రండి, రండి, లేటయిపోతంది" అని ఆవిడే లాక్కుపోయింది. స్పందన డ్రమ్ముకు ఆనుకుని నవ్వుతూ వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ చూసింది.

అప్పుడు ఆటో ఆగింది. మంగాయమ్మ వంకాయల సంచి ఒక భుజాన, టోకెన్ ఇంకో భుజాన వేసుకుని దిగింది. "ఇదిగో బాబూ మీ టోకెను. బజార్లో ఇద్దరు దీన్ని బేరమాడినారు" అంది.

"ఆగండి! పైలట్ ఉండగా టోకెన్ ఎక్కకూడదు!" అన్నారు అన్నయ్యగారు.

చిన్నతల్లి వదిన సంచిలోంచి పొత్రం తీసుకుంది. ఖాళీ చట్రం మంగాయమ్మ చేతికి ఇచ్చింది. దాంతో టోకెన్ పద్ధతి అయిపోయింది. ఆ చట్రానికి గుడ్డ బిగించి మంగాయమ్మ ఇప్పుడు వడియాలు ఎండబెడుతోంది.

స్పందన తను రాసింది చదివి వినిపించింది. "జనం బాగా నడుస్తున్నారు. కల్వర్టు దగ్గర ఇరుకు. నాలా మీద వేరే స్లాబు వేసి వెడల్పు చెయ్యాలి. పార్కు దాకా పొడిగించవచ్చు."

అన్నయ్యగారు ఆనందపడతారనుకుంటే దిగాలు పడ్డారు. "వెడల్పు చేస్తే టోకెన్ ఎందుకమ్మా ఇంక?"

"అందుకే అంకుల్" అంది ఆ పిల్ల, స్కూటీ ఎక్కుతూ.

ఎండలు ముదిరేలోపు స్లాబు పడింది. సిమెంటు బాట పార్కు గేటు దాకా వెళ్ళింది. రోడ్డు వైపు గన్నేరు మొక్కలు నాటారు. మంగాయమ్మకు రెండు బల్లలు దొరికాయి. అవి ఎప్పుడూ ఆవిడవే.

ఇప్పుడు పొద్దున్నే నా గేటు చప్పుడవుతుంది. "నర్సమ్మా, లే. ఇంకా తెల్లారనేదా నీకు?" అని చిన్నతల్లి వదిన. మొదట్లో ఏదో పని ఉందనేదాన్ని. ఆవిడ నమ్మదు. మా ఇంట్లో పని ఎంతో గోడ అవతల నుంచి ఆవిడకు తెలుసు. చెప్పులు వేసుకుని బయల్దేరతాను. కల్వర్టు మీద ఇప్పుడు వదినా నేనూ పక్కపక్కన నడుస్తాం. అన్నయ్యగారు వెనకాల వస్తారు. వదిన ఆయన కోసం ఆగదు. షుగరు దిగిందట, డాక్టరు మెచ్చుకున్నాడట. దానికంటే లారీలకు తను భయపడటం మానేసిందని చెప్పడమే ఆవిడకు ఎక్కువ ఇష్టం.

మొన్న పార్కు గేటు దగ్గర బాట అయిపోయిన చోట ఆవిడ నిలబడిపోయింది. ముందున్న రోడ్డు పక్క జాగాను చూసింది. ఆ జాగా చివర దూరంగా కనిపించే నది వైపు చూసింది.

"ఇదేటి, ఇక్కడ ఆపీసినారు?"

అన్నయ్యగారు అప్పుడే వగరుస్తూ వచ్చి అందుకున్నారు. "టెర్మినస్" అన్నారు.

"ఎవరన్నారు?" అని ఆవిడ కొంగుకు కట్టుకున్న ఫోను విప్పి స్పందనకు కలిపింది.